వచ్చే ఏడాది శిబిరాలు స్ట్రూడెల్‌తోనా, సూపర్‌కొలైడర్‌తోనా?

పెన్నాగట్టు
నెల్లూరు, ఒంగోలు ల్యాబుల్లో మన కోడ్-సంగీతం (కోడ్ రాసి సంగీతం మోగించే) శిబిరాలు మొదలై ఏడాదైంది. తెలుగు ఇన్‌స్టాల్ పత్రం అయింది, తాళాల ఫైలు అయింది, గమకాల (స్వరాన్ని ఊపి, జార్చి పాడే తీరుల) ఫైలు సగంలో నిలిచింది. మనం వాడే రెండు సాఫ్ట్‌వేర్లూ ఊరుకోలేదు: సూపర్‌కొలైడర్ 3.14 వచ్చింది, స్ట్రూడెల్ 2025లో తన కోడ్ దాచే చోటును గిట్‌హబ్ నుంచి కోడ్‌బర్గ్‌కు మార్చింది. రెండు పడవల మీద కాళ్లు వద్దు, వచ్చే ఏడాది ఒక్కటే పట్టుకుందామంటున్నాను. నా ఓటు స్ట్రూడెల్‌కి.

రెండు గంటల శిబిరంలో సూపర్‌కొలైడర్ ఎక్కించి మొదటి మోత వినేసరికి ముప్పావు గంట హరించుకుపోతుంది. స్ట్రూడెల్‌కి బ్రౌజరుంటే చాలు. కంట్రోల్-ఎంటర్ కొడితే మోగుతుంది, కంట్రోల్-చుక్క కొడితే ఆగుతుంది.

కనిగిరి_కంజిర
నాదీ స్ట్రూడెల్ ఓటే. కానీ తాళాల ఫైలు మొదటి పేజీలో ఒక లెక్క పెట్టకపోతే పిల్లలు పప్పులో కాలేస్తారు. స్ట్రూడెల్‌లో కొలత బీటు కాదు, ఆవర్తం (తాళం ఒక పూర్తి చుట్టు). ఏమీ చెప్పకపోతే సెకనుకు అర ఆవర్తం, అంటే 2 సెకన్లకొకటి. ఆది తాళం 8 అక్షరాలూ (తాళం లెక్కించే దెబ్బలు) రాసి ఎంటర్ కొడితే నిమిషానికి 240 అక్షరాల వేగంతో పరిగెత్తుతుంది. కంప్యూటర్ పాడైందనుకుంటారు. నిమిషానికి 60 అక్షరాలు కావాలంటే 60ని 8తో భాగించి, వచ్చిన 7.5ను నిమిషానికి ఆవర్తాలుగా పైన ఇవ్వాలి.

మిశ్రచాపు దగ్గర ఇంకో చిక్కు. ఆ 7.5 అలాగే ఉంచి 3, 2, 2 చొప్పున 7 రాస్తే, 8 అక్షరాల చోట్లో 7 సర్దుకుని సాగుతాయి. అక్షరం నిడివే మారిపోతుంది. అది చాపు కాదు, వేరే నడక. అక్షరం అదే ఉండాలంటే 60ని 7తో భాగించాలి, 8.57 వస్తుంది. ఈ తేడా చెవికి పట్టించడానికి స్ట్రూడెల్‌ని మించింది లేదు, కుడిఎడమలుగా రెండూ ఒకేసారి వినిపించవచ్చు.

శ్రుతి_ఒకటిన్నర
తాళం వరకు సరేనండీ. రాగం దగ్గరికి రండి. గమకాల ఫైలు ఎందుకు సగంలో నిలిచిందో ఎవరూ చెప్పట్లేదు.

తోడి గాంధారం తీసుకోండి. షడ్జమాన్ని సున్నా అనుకుంటే కీబోర్డు మెట్ల లెక్కలో దాని చోటు 3. కానీ తోడి పాడేవాళ్లెవరూ అక్కడ నిలబడరు. రిషభం 1కి, మధ్యమం 5కి మధ్య ఊగుతారు. స్ట్రూడెల్‌లో ప్రతి స్వరమూ కొత్త గొంతుతో పుడుతుంది, ముందు స్వరం నుంచి జారి రాదు. ఊపుకు దగ్గరి ఆసరా వైబ్రేటో, అంటే స్వరాన్ని పైకీ కిందికీ ఊపే సెట్టింగు: వేగం సెకనుకు 4, లోతు 2 మెట్లు అని ఇస్తే 1 నుంచి 5 దాకా ఊగే మాట నిజమే. కానీ ప్రతి ఊపూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది. తోడి కాదు, అంబులెన్స్.

సూపర్‌కొలైడర్‌లో ఎన్వలప్ (ఏ విలువకు ఎంతసేపట్లో చేరాలో చెప్పే వరస) రాస్తే ఆ ఊపును చేత్తో మలచవచ్చు. మెట్లు 1, 5, 1, 5, 3. మొదటి రెండు ఊపులకు 0.15 సెకన్లు, తర్వాతి వాటికి 0.12, వంపు సైన్. వచ్చిన మెట్టును మిడిరేషియో అనే ఫంక్షన్‌తో నిష్పత్తిగా మార్చి షడ్జమం హెర్ట్జ్‌తో గుణించాలి. ఇలా రాస్తే శ్రుతి మార్చినప్పుడు ఫైలు తిరగరాయక్కర్లేదు, పైన ఒక్క అంకె మారుతుంది.

దీంట్లో పిల్లలు చేసే తప్పులు రెండే. స్వరాల వరస మోగించే పీబైండ్‌తో రాస్తే స్వరానికో సింత్ (శబ్దం పుట్టించే గొంతు) పుట్టి అతుకుల దగ్గర టిక్కుమంటుంది. పీమోనో వాడాలి, అప్పుడు ఒకే సింత్ బతికుండి పిచ్ మాత్రం మారుతుంది. రెండోది, విడిగా మోగించే సింత్‌లో డన్‌యాక్షన్ 2 (పని అయ్యాక సింత్‌ను తీసెయ్యమనే ఆదేశం) మరవడం. మోగడం ఆగినా శబ్దం పుట్టించే సర్వర్లో ఆ సింత్ నోడ్‌గా అలాగే కూర్చుంటుంది. నోడ్లకు డిఫాల్ట్ హద్దు 1024. అది నిండాక కొత్త స్వరం పుట్టదు.

పెన్నాగట్టు
అన్నీ నిజమే మాస్టారూ. కానీ పీమోనో దాకా వచ్చేలోపే సగంమంది లేచిపోతుండారే! తెర మీద ఆడియో సర్వర్ ఆన్ కాలేదని ఎర్రగా కనిపిస్తే వాళ్లు తోడి గురించి ఎట్టా ఆలోచిస్తారు?

కావలి_గేటు
ఆ ఎర్ర రాత తప్పు భాషది కాదబ్బయా, మన ఇన్‌స్టాల్ పత్రానిది. ఉబుంటు మెషీన్లలో ఇప్పుడు శబ్దాన్ని స్పీకరుకు చేర్చే పని పైప్‌వైర్ చేస్తుంటుంది. సూపర్‌కొలైడరేమో అదే పని చేసే జాక్ కోసం వెతుకుతుంది. పీడబ్ల్యూ-జాక్ అనే కమాండ్ ముందు పెట్టి ఎస్‌సీ-ఐడీఈ (సూపర్‌కొలైడర్ ఎడిటర్) తెరిస్తే సరిపోతుంది. మన పత్రంలో ఆ ముక్కే లేదు. విడిగా జాక్ నడిపే పాత మెషీన్లలో యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చాలి, చేర్చాక లాగౌట్ అయి రావాలి. లాగౌట్ కాకుండా పదిసార్లు బూట్ బటన్ నొక్కుతుంటారు.

విండోస్‌లో వేరే గోల. ఇన్‌పుట్, అవుట్‌పుట్ శాంపిల్ రేట్లు (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) కలవకపోతే సర్వర్ లేవనంటుంది. ఎవరో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ తగిలించి ఉంటారు, దాని మైకు 16,000 దగ్గర, స్పీకరు 44,100 దగ్గర. మనకు మైకుతో పనేముంది? సర్వర్ ఆప్షన్లలో ఇన్‌పుట్ ఛానెళ్లు సున్నా చేసి బూట్ చెయ్యండి.

స్ట్రూడెల్ మాత్రం అంత అమాయకమేం కాదు. డ్రమ్ శాంపిళ్లు (రికార్డు చేసిన శబ్దాలు) నెట్ నుంచి దిగాలి. మొదటిసారి పిలిచినప్పుడు ఇంకా దిగలేదు కాబట్టి మొదటి దెబ్బలు మూగపోతాయి. ల్యాబులో నెట్ పోతే సైన్, సాటూత్ లాంటి సొంత శబ్దాలే దిక్కు. పైగా పిల్లలు రాసింది బ్రౌజరులోనే ఉంటుంది. రీస్టార్ట్‌కి అంతా తుడిచేసే సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాబులో మర్నాటికి గుడ్డిగవ్వ మిగలదు. లేచేముందు షేర్ లింకు తీసి దాచుకోమనాలి.

ఒంగోలు_కోడె
మీరంతా ‘సోనిక్ పై’ అనే మూడో సాఫ్ట్‌వేర్ ఊసే ఎత్తరేంది? లోపల మోగేది సూపర్‌కొలైడర్ సర్వరే, పైన రాసేది రూబీ భాష. నోట్‌స్లైడ్ అని ఉంది: స్వరాన్ని ఒక్కసారి మోగించి, సస్టెయిన్ నాలుగు సెకన్లు పెట్టి, స్లైడ్ 0.15 ఇచ్చి, కంట్రోల్‌తో 1, 5, 1, 5 అని తోస్తూ పోవడమే. మధ్యలో స్లీప్ 0.15. స్లీప్ స్లైడ్ కన్నా తక్కువుంటే ఊపు పైదాకా చేరకముందే వెనక్కి తిరుగుతుంది, అదొక్కటి చూసుకోవాలి.

శ్రుతి_ఒకటిన్నర
గమకం మటుకు అది పని చేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ మన ల్యాబులు లైనక్స్. సోనిక్ పై వాళ్ల సొంత ఇన్‌స్టాలర్లు విండోస్‌కి, మ్యాక్‌కి, రాస్ప్‌బెర్రీ పైకి. మామూలు లైనక్స్ ప్యాకేజీలు బయటివాళ్లు కట్టినవి. మళ్లీ ఆ ముప్పావు గంటే.

ఇంకోటి. ఏ భాషైనా సరే, తంబూర పక్కన కీబోర్డు లెక్కలో సమానంగా కోసిన స్వరాలు పెట్టకండి. షడ్జమం 277.18 హెర్ట్జ్ అయితే, దానికి 5/4 కట్టిన అంతర గాంధారం 346.48. కీబోర్డు లెక్క ఇచ్చేది 349.23. షడ్జమం ఐదో హార్మోనిక్‌కీ (ఐదు రెట్ల హెర్ట్జ్‌లో మోగే అనుస్వరం) గాంధారం నాలుగో హార్మోనిక్‌కీ కుదరక సెకనుకు 11 సార్లు కొట్టుకుంటాయి. సాటూత్ తంబూర మీద ఆ గరగర స్పష్టంగా వినపడుతుంది. స్ట్రూడెల్‌లో కూడా స్వరం పేరు బదులు నేరుగా హెర్ట్జ్ ఇవ్వవచ్చు.

కనిగిరి_కంజిర
సరే, బేరానికొద్దాం. మొదటి నాలుగు శిబిరాలు తాళం, స్ట్రూడెల్‌లో. గమకం దగ్గరికొచ్చాక సూపర్‌కొలైడర్, కావలి అన్న చెప్పిన పైప్‌వైర్ ముక్క పత్రంలో చేరాకే. కంట్రోల్-ఎంటర్, కంట్రోల్-చుక్క రెండింట్లోనూ ఒకటే, వేళ్లకు కొత్త కాదు.

పెన్నాగట్టు
ఒక్కటే పట్టుకుందామంటే మళ్లీ రెండయ్యాయి. కానివ్వండి. స్ట్రూడెల్‌లో జావాస్క్రిప్ట్ కాబట్టి వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు గదా, అదన్నా నాకు వదిలెయ్యండి. సూపర్‌కొలైడర్‌లో అది కుదరదు, కోట్స్‌లో పెట్టిన సింబల్‌గానే రాయాలి.

కావలి_గేటు
పెట్టుకో, కానీ పొల్లుతో ముగిసే పేర్లొద్దు. ‘బీట్’ అని పేరు పెడితే కొన్ని కీబోర్డులు చివర కనపడని అక్షరమొకటి చేరుస్తాయి, కొన్ని చేర్చవు. కంటికి రెండూ ఒకటే, జావాస్క్రిప్ట్‌కి రెండు వేర్వేరు పేర్లు. డిఫైన్ కాలేదంటుంది, పిల్లోడు అక్షరం అక్షరం చూసుకుని తలపట్టుకుంటాడు. ‘తాళం’, ‘వేగం’ లాంటివి పెట్టు. తాళాల ఫైలులో ‘బీట్’ ఆరుచోట్ల ఉంది, ఈ రాత్రికి నేను మారుస్తా.