డర్టీ కౌ: పాత ల్యాబ్ సర్వర్లలో ఈ రేస్ కండిషన్‌ను ఎలా సరిదిద్దారు?

ఒంగోలు_ల్యాబ్
మా కళాశాలలో విద్యార్థులందరూ లాగిన్ అయ్యే సర్వర్‌లో ఇంకా లినక్స్ 3.2 కెర్నెలే (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) నడుస్తున్నది. చదివేందుకు మాత్రమే అనుమతి ఉన్న ఫైలులోనూ మామూలు వినియోగదారు రాయగలిగే 'డర్టీ కౌ' అనే ఈ లోపాన్ని సరిచేసే పని నాకు అప్పగించారు. మెమరీ మ్యాపులకు (ఫైళ్లను ప్రోగ్రాము మెమరీలో చూపే అమరికలకు) లాక్ ఉండగా ఈ రేస్ (రెండు పనులు ఒకేసారి పోటీపడి ఫలితం తారుమారవడం) ఎలా జరుగుతున్నది? కెర్నెల్ శ్రేణి మార్చకుండా సవరణ దొరుకుతుందా?

కావలి_కెర్నెల్
లాక్ ఉన్న మాట నిజమే గాని, పోటీపడే రెండు థ్రెడ్లూ (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనులు) దానిని పలువురు ఒకేసారి పట్టుకోగల రీడ్ లాక్‌గానే తీసుకుంటాయి కనుక ఒకదానినొకటి ఆపవు. ఒక థ్రెడ్ తన ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) మెమరీని చూపే, ప్రాక్ డైరెక్టరీలోని మెమ్ ఫైలు ద్వారా ప్రైవేటు మ్యాపులోకి (రాతలు అసలు ఫైలుకు చేరకూడని మ్యాపులోకి) రాయబోగా, కెర్నెల్ ఆ పేజీకి (మెమరీ ముక్కకు) నకలు తీసి, ఇక భయం లేదన్న నమ్మకంతో 'రాయాలి' అన్న ఫ్లాగును (గుర్తును) తొలగించి, పేజీని మళ్లీ వెతుకుతుంది. సరిగ్గా ఆ సందులో రెండవ థ్రెడ్ మ్యాడ్వైజ్ కాల్‌తో (ఈ మెమరీ ఇక అక్కరలేదని కెర్నెల్‌కు చెప్పే పిలుపుతో) ఆ నకలును పారవేయిస్తే, వెతుకులాట చదవడానికే అన్నట్లు సాగి, పేజీ క్యాష్‌లోని (ఫైలు విషయాన్ని కెర్నెల్ మెమరీలో ఉంచే చోటులోని) అసలు పేజీ దొరుకుతుంది. రాత దానిపై పడుతుంది. అడంగల్ నకలును ఎవరో లాగేసుకోగా, రాసేవాడి కలం అసలు రిజిస్టరు మీద నడిచినట్లన్నమాట.

2016 అక్టోబరులో వచ్చిన సవరణలో ఆ ఫ్లాగును తొలగించరు. నకలు తీశామని తెలిపే ఫోల్ కౌ అనే కొత్త ఫ్లాగును చేర్చి, పేజీ టేబుల్ ఎంట్రీలో (ఏ పేజీ ఎక్కడుందో తెలిపే పట్టికలోని నమోదులో) డర్టీ బిట్ (పేజీలో రాత జరిగిందనే గుర్తు) కూడా ఉంటేనే రాయనిస్తారు. లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ 2005లోనే ఒక సవరణ చేశారు గాని, ఎస్390 అనే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలలో ఇబ్బంది రావడంతో అది రద్దయింది. కాగితం మీది ప్రమాదంగానే తోచిన ఆ రేస్, తరువాత నిజంగానే దాడులకు పనికివచ్చింది.

పెన్నా_అడ్మిన్
ఒంగోలు గారూ, శ్రేణి మార్చనక్కరలేదు. ఈ సవరణను 3.2కు కూడా వెనక్కి చేర్చారు. నెల్లూరులో మేము చూసే పాత సర్వర్లను ఆ విధంగానే నవీకరించాము. అయితే వెర్షన్ అంకె చూసి తీర్పు చెప్పవద్దు. ప్యాకేజీ మార్పుల పట్టికలో ఈ లోపానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య సీవీఈ 2016-5195 ఉన్నదో లేదో చూడండి. నవీకరించాక రీబూట్ చేయనిదే పాత కెర్నెలే నడుస్తుంటుంది. పరీక్షకని దాడి ప్రోగ్రామును అసలు సర్వర్‌పై నడపకండి, యంత్రమే కుప్పకూలవచ్చు. వర్చువల్ మెషీన్ చాలు.

ఒంగోలు_ల్యాబ్
ధన్యవాదాలండీ. డర్టీ బిట్‌ను నమ్మడం మాత్రం నాకు కొంత అనుమానంగానే ఉన్నది.

కావలి_కెర్నెల్
మీ అనుమానం సరైనదే. హ్యూజ్ పేజీల (మామూలు వాటికన్నా చాలా పెద్ద మెమరీ పేజీల) విషయంలో నకలు తీయకుండానే ఆ బిట్ పెట్టే దారి ఒకటి 2017లో బయటపడి, మరొక సీవీఈ వచ్చింది. చివరకు 2022లో ఫోల్ కౌ ఫ్లాగునే తొలగించారు; ఇప్పుడు ఆ పేజీ ఈ ప్రాసెస్‌కే ప్రత్యేకంగా చెందిన అనానిమస్ పేజీయేనా (ఏ ఫైలుకూ చెందని పేజీయేనా) అని కెర్నెల్ నేరుగా చూస్తుంది. మీ 3.2కు అది రాదు కనుక, నవీకరణ ముగిశాక ఆ సర్వర్‌ను విద్యార్థుల లాగిన్‌లకు దూరంగా ఉంచే ఏర్పాటు కూడా చూడండి.