ఏప్రిల్ 11 ఉగాది పాటల రాత్రి: పనుల పంపకం (నెల్లూరు-ప్రకాశం బృందం, ఇంగ్లండు; వాట్సాప్ గ్రూపులో ఎవరి ఊరి పేరే వాళ్ళ పేరు)

పొదిలి, గురువారం రాత్రి 9:40
ఇంక పదహారు రోజులే. తేలాల్సినవి: సౌండు ఆయనకు అడ్వాన్సు, స్టేజి బ్యానరు, పిల్లల పాటల వరస, ముగ్గుల పోటీ ఎవరు చూస్తారు, చేపల పులుసు వంటాయనకు సరుకుల పట్టీ, గేటు కాడ నలుగురు. ఆదివారం లోపల పేర్లు వెయ్యండి.

కనిగిరి, 9:52
గేటు నాది.

కావలి, 10:05
అవన్నీ పక్కన పెట్టండి. హాలు మేనేజరు మెయిలు పెట్టుండాడు. మన పోస్టరు ఆయన కంట పడింది. "మీ మందు మీరే తెచ్చుకోవచ్చు" అనే లైను కుదరదంట. "టికెట్టుతో ఒక బీరు ఉచితం" అనేది అసలే కుదరదంట. రెండూ తీసేసినట్టు సోమవారం లోపల రాసియ్యకపోతే బుకింగు రద్దు, 300 పౌండ్ల డిపాజిట్టు గోవిందా.

ఒంగోలు, 10:11
ఏందబ్బా ఈ గోల! గ్లాస్టన్‌బరీ పాటల పండక్కి అంత జనం సొంత బీరు మోసుకుపోతారు, అక్కడ లేని చట్టం మన 210 మందికే వచ్చిందా?

ఆత్మకూరు, 10:34
గ్లాస్టన్‌బరీ సంగతి వేరు అన్నా. అక్కడ జనం డేరాలేసుకుని రోజుల తరబడి ఉంటారు. సొంత వాడకానికి తెచ్చుకోనిస్తారు, గాజు సీసా మాత్రం లోపలికి పోదు. ఇంకా చాలా పండగల్లో డేరాల కాడ సరేగానీ స్టేజీల వైపు డబ్బా కూడా రానియ్యరు, అక్కడ బార్ల ఆదాయం పోద్ది గనక. ఎవరి గేటు వాళ్ళ ఇష్టం.

చట్టానికొస్తే, మన మందు మనం తెచ్చుకుని తాగడానికి లైసెన్సు అక్కర్లేదు. 2003 లైసెన్సింగ్ చట్టం పట్టుకునేది అమ్మకాన్ని. కానీ ఈ హాలుకు బారు లైసెన్సు ఉంది, దానికొక బాధ్యుడు ఉండాడు. మన సంచీలోది తాగి ఎవరో కుర్రోడు పడిపోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. అద్దె కాగితంలో బయటి మందు వద్దని ఉంటే ఇంక వాదనే లేదు.

ఉచిత బీరు ఇంకా తంటా. 15 పౌండ్ల టికెట్టు కొన్నోడికి ఇచ్చే బీరు ఉచితం ఎట్టా అవుద్ది? చట్టం లెక్కలో అది అమ్మకమే. టికెట్టు తీసేసి పక్కన విరాళాల డబ్బా పెట్టినా అమ్మకమే అనొచ్చు.

కోవూరు, 10:41
మరి కొన్న సరుకు? 12 కేసులు, కేసుకు 24 డబ్బాలు, 22 చొప్పున 264 పౌండ్లు కట్టేశాం. ఖాతాలో మిగిలింది 340. అందులో సౌండు ఆయనకు 200 ఇయ్యాల.

కనిగిరి, 10:44
టెంపరరీ ఈవెంట్ నోటీసు పెడదాం, ఆ ఒక్క కార్యక్రమానికి మనమే మందు అమ్ముకుంటామని కౌన్సిలుకు ఇచ్చే కాగితం. 21 పౌండ్లే గదా, 499 మంది దాకా పనికొస్తది.

ఆత్మకూరు, 11:02
రోజులు లెక్కెయ్యి తమ్ముడా. మామూలు నోటీసుకు నిండా పది పనిదినాలు ఉండాల. కౌన్సిలుకు అందిన రోజూ, కార్యక్రమం రోజూ లెక్కలోకి రావు. శని, ఆదివారాలు పోను ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, 6 ఈస్టర్ సోమవారం కూడా సెలవే. నిన్న అందుంటే సరిగ్గా పది. రేపు పెడితే ఎనిమిది.

అయిదు నించి తొమ్మిది దాకా ఉంటే లేటు నోటీసంటారు, అది పెట్టొచ్చు. తిరకాసేందంటే, పోలీసులు గానీ కౌన్సిల్లో శబ్దం సంగతి చూసే పర్యావరణ ఆరోగ్యం వాళ్ళు గానీ మూడు పనిదినాల్లో ఒక్క అభ్యంతరం చెప్తే అక్కడికక్కడే కొట్టేస్తారు. మామూలు నోటీసుకైతే విచారణ ఉంటది, మన మాట చెప్పుకోవచ్చు. దీనికి అదీ లేదు. 499 లెక్కలో మన వాలంటీర్లు, వాయించేవాళ్ళు కూడా వస్తారని మర్చిపోబాకండి. ఇంతా చేసి కౌన్సిలు ఊఁ అన్నా, హాలాయన ఊఁ అనాల గదా.

ఒంగోలు, 11:06
పోస్టరు నెల కిందట ఈ గ్రూపులోనే పెట్టా. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. అప్పుడీ చట్టాలు యాడికి పొయినయి?

కావలి, 11:08
అద్దె కాగితం కూడా ఈ గ్రూపులోనే ఉంది. ఏడో పేజీ.

ఒంగోలు, 11:09
అయితే మీరే చేసుకోండి. టికెట్ల లింకు పాస్‌వర్డు ఎవరికి ఇయ్యాలో చెప్పండి, ఇచ్చేస్తా.

కోవూరు, 11:15
ఇద్దరూ గమ్మునుండండి. సారా మీద తిరగబడిన దూబగుంట మన జిల్లాలోది, మీరేమో బీరు డబ్బాల కోసం ఈ దేశంలో కొట్టుకుంటుండారు. ఒంగోలూ, పాస్‌వర్డు ఎవరికీ ఇయ్యబాక. టికెట్టు కొన్నోళ్ళకు పంపే మాట రాసి పొద్దున పెట్టు. కావలన్నా, నువ్వు మేనేజరుకు ఫోను చెయ్యి. మెయిళ్ళతో తెగదు.

కావలి, శుక్రవారం మధ్యాహ్నం 1:15
మాట్లాడా. మనిషి మంచోడే, రాతలోనే గట్టి. హాలు బారు తెరుస్తాడు, ఇద్దరు పనోళ్ళను పెడతాడు. కనీసం 500 పౌండ్ల అమ్మకం జరగాల, తగ్గితే తేడా మనం కట్టాల.

కోవూరు, 1:32
210లో పిల్లలు 60. పెద్దోళ్ళు 150. మూడో వంతు తాగినా 50 మంది, మనిషికి రెండు, ఒకటి 5 పౌండ్లు. 500 వచ్చేసినట్టే. పిల్లల కోకులు పైన. నా భయం అంతా డిక్కీల మీద.

ఆత్మకూరు, 1:40
అక్క చెప్పిందే అసలు సంగతి. డిక్కీ తెరిచి రెండు పెగ్గులేసి లోపలికొస్తే బారుకు అమ్మకం ఉండదు, తేడా మన ఖాతాలోంచి పోద్ది. పైగా తాగి, తాళం దగ్గర పెట్టుకుని కార్లో కూర్చున్నా కేసు పెట్టొచ్చు, బండి కదలాల్సిన పన్లేదు. ఊపిరిలో హద్దు 100 మిల్లీలీటర్లకు 35 మైక్రోగ్రాములు. కార్ పార్కులో ఇద్దరు తిరగతా ఉండాల, ఎనిమిది దాకా అయినా.

కనిగిరి, 1:58
సరే. ఆ 12 కేసుల సంగతేంది? కొన్న చోట వాపసు తీసుకోరంట.

పొదిలి, 2:10
లాటరీలో బహుమతులుగా పెడితే?

ఆత్మకూరు, 2:31
భలే చెప్పావు, కుదురుద్ది. అదే చట్టంలో 175వ సెక్షను దీనికే ఉంది. సీలు తియ్యని మందు లాటరీ బహుమతిగా ఇస్తే అమ్మకం కింద పట్టుకోరు. షరతులున్నాయి. చీట్లు ఆ రాత్రి హాల్లోనే అమ్మాల, ముందుగా వాట్సాప్‌లో అమ్మితే చెల్లదు. వచ్చిన డబ్బులో బహుమతులకు 500, ఖర్చులకు 100 మించి పట్టుకోకూడదు. మనవి 264, ఇబ్బంది లేదు. మిగిలింది ఎవరి జేబులోకీ పోకూడదు.

కేసు చేతికిస్తే గెలిచినోడు హాల్లోనే అట్ట చింపుతాడు, అది ఖాయం. కాబట్టి స్టేజి మీద చీటీ మాత్రం ఇచ్చి, సరుకు ఇళ్ళకు పోయేటప్పుడు తలుపు బయట ఇయ్యాల. 18 లోపు పిల్లోడి చీటీ తగిలితే మలై కాజా పొట్లం. ఇదంతా మేనేజరుకు ముందే రాసి పంపండి.

ఒంగోలు, 3:05
కాజా అంటే గుర్తొచ్చింది. ఉచిత బీరు బదులు టికెట్టుకు రెండు కాజాలు అని రాశా. 420 కావాల. మెసేజి ఇది, చూడండి: "హాలు నిబంధనల వల్ల బయటి మందు లోపలికి రాదు. హాలు బారు ఉంటుంది. టికెట్టుతో బీరు ఉండదు, మలై కాజా ఉంటుంది. వద్దనుకునేవాళ్ళకు ఏప్రిల్ 4 దాకా పూర్తి డబ్బు వాపసు." పోస్టరు కూడా మార్చేశా.

కావలి, 3:09
బాగుంది. ఇదే మేనేజరుకు పంపుతుండా.

ఆత్మకూరు, 3:20
ఇంకొక్కటి. రాత్రి 11 దాటాక వేడి తిండి అమ్మాలన్నా లైసెన్సు కావాల, టికెట్టులో కలిపిన తిండీ అందులోకే వస్తది. పులుసు, అన్నం 10:30కి ఎత్తెయ్యండి. మైకు కూడా అంతే, బారున్న హాల్లో జనం 500 మించకపోతే 11 దాకా పాటకు వేరే అనుమతి అక్కర్లేదు, తర్వాత కావాల. మనోళ్ళు ఏడని వేసి ఎనిమిదిన్నరకు మొదలుపెడతారు. ఈసారి మొదటి పాట 7:15కి పడాల.

కనిగిరి, ఆదివారం ఉదయం 11:20
వాపసు అడిగింది ముగ్గురే. గేటు పద్ధతి: సంచులు తెరిచి చూస్తాం. సీలున్న నీళ్ళ సీసా సరే, మూత తీసిన సీసా వద్దు, వోడ్కా కలిపినా తెలవదు. పసిపిల్లల పాల ఫ్లాస్కులు పోనిస్తాం. మందు దొరికితే లాక్కోబాకండి, మన కాడ దాచబాకండి, కార్లో పెట్టి రమ్మనండి. దాచి తిరిగిచ్చే కాడే తగాదాలు. గేటుకు ముగ్గురున్నారు, ఒకరు తక్కువ.

ఒంగోలు, 11:26
నేనుంటా. 6:30కి వస్తా.

కావలి, సోమవారం 10:40
మేనేజరు సరే అన్నాడు. కేసులు స్టోరు రూములో పెట్టుకోవచ్చంట, తాళం ఒక్కటే ఇస్తాడంట. ఎవరి కాడ ఉండాల?

పొదిలి, 10:42
కోవూరక్క కాడ.

కోవూరు, 10:45
సరే. పది అయినాక తాళం అడగొచ్చే మగోళ్ళకు ఇప్పుడే చెప్తుండా, ఇయ్యను.