ఆఫీసులో ఆవిడను "మక్ చిక్" అన్నాను, అప్పటినుంచి సరిగా మాట్లాడట్లేదు. మలేషియాలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. కేఎల్ (కౌలాలంపూర్) వచ్చి నాలుగు నెలలైంది. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు, మొన్నటిదాకా హైదరాబాదులో చేశాను, ఇప్పుడు ఇక్కడ ఒక ఆఫీసులో అకౌంట్స్. టీమ్‌లో ఎక్కువమంది మలయ్ వాళ్లే. మంచి మనుషులు, వాళ్లమీద కంప్లైంట్ ఏమీ లేదు, తప్పంతా నా నోటిది.

పక్క సీట్లో ఒకావిడ ఉంటుంది, నలభై లోపే. నేను దిగిన కొత్తలో బ్యాంకు ఖాతా, సిమ్ము, అద్దె కాగితాలు అన్నీ ఆవిడే దగ్గరుండి చూసింది. అలాంటి మనిషిని పేరు పెట్టి పిలవాలంటే నాకు నోరు రాదు, మన ఇళ్లలో పెరిగినవాళ్లకి తెలుసు కదా. మా సందు చివర నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం) అమ్మే పెద్దావిడని అందరూ "మక్ చిక్" అంటారు. ఓహో పిన్నిగారు అన్నమాట అనుకుని, గౌరవంగా ఉంటుందని, మొన్న ప్యాంట్రీలో అందరి ముందూ ఈవిడని "మక్ చిక్, టీ తాగుతారా" అన్నాను. మైలో కలుపుతున్న చెంచా కప్పులో అలాగే ఆగిపోయింది. వెనకాల ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నాలుగు రోజులుగా ఏమడిగినా ఓకే, నో తప్ప మాటల్లేవు.

ఇది చాలదన్నట్టు ఇంకోటి. వేరే డిపార్ట్‌మెంట్ అతనికి "డియర్ మిస్టర్ ఇస్మాయిల్" అని మెయిల్ పెడితే, ఇస్మాయిల్ మా నాన్న పేరు, ఆయన రిటైరై ఇంట్లో ఉన్నారు, ఇన్‌వాయిస్ సంగతి ఆయనకు తెలియదు అని జవాబొచ్చింది. చివర నవ్వు బొమ్మ పెట్టాడు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు అసలు టెన్షన్. వచ్చే శనివారం ఆవిడ ఇంట్లోనే రాయ ఓపెన్ హౌస్. రంజాన్ పండక్కి తలుపులు తెరిచిపెట్టి వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెడతారు కదా, అది. టీమ్ మొత్తానికి పిలుపు, నాక్కూడా. వెళ్లాలా వద్దా? వెళ్తే ఎవరిని ఏమనాలి? గ్రూపులో రెండంగ్ కూర మక్ లోంగ్ వండుతుంది, లెమాంగ్ అన్నం పక్ సు తెస్తాడు అని మెసేజ్‌లు నడుస్తున్నాయి. ఈ మక్ లోంగ్, పక్ సు అనేవి పేర్లా, వరసలా? అది కూడా తెలియట్లేదు.

అమీర్‌పేట_అనుభవం:

అంటే ఆంటీ అన్నావన్నమాట. అదీ ప్యాంట్రీలో, సాక్షుల ముందు.

సుబాంగ్_కబుర్లు:

పైన అన్నది నవ్వులాటకి కాదు, నిజంగా అదే జరిగింది తమ్ముడూ. నేనిక్కడికొచ్చి పదకొండేళ్లు, నాకూ ఇలాంటివి అయ్యాయి కాబట్టి చెప్తున్నా. మక్ చిక్ (పిన్ని), పక్ చిక్ (బాబాయి) అనేవి మీ అమ్మానాన్నల ఈడువాళ్లకి. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్యాకేజీ ప్రకటిస్తూ అప్పటి ప్రధాని ముహ్యిద్దీన్ యాసిన్ టీవీలో "మక్ చిక్ కియా" అని ఒక ఊహాపాత్రను ఉదాహరణగా చెప్పారు, అరటిపండు బజ్జీలు అమ్ముకునే ఆవిడ. ఆ మాట వినగానే ఇక్కడివాళ్ల కళ్లముందు మెదిలే మనిషి అలా ఉంటుంది. నువ్వేమో లాప్‌టాప్ ముందు కూర్చున్న, నలభై నిండని మనిషిని తీసుకెళ్లి ఆ బజ్జీల బండి దగ్గర నిలబెట్టావు.

నీకంటే పెద్దదైనా నీ తరం మనిషే అయితే "కక్", అంటే అక్క. చివరి "క్" పూర్తిగా పలకకు, గొంతులోనే ఆపెయ్. మగవాళ్లయితే "అబాంగ్", చిన్నగా "బాంగ్". చిన్నవాళ్లయితే "అడిక్", తమ్ముడికీ అదే చెల్లికీ అదే. ఆఫీసులో కక్ తర్వాత పేరులో ఒక ముక్క తగిలిస్తారు, రోస్నా అయితే కక్ రోస్, జలేహా అయితే కక్ లేహా. పై ఆఫీసర్లకి, బయటి క్లయింట్లకి మాత్రం వరసలొద్దు, మగవాళ్లకి ఎన్చిక్, పెళ్లైన ఆడవాళ్లకి పువాన్. పేరు ఒక్కటే పెట్టి పిలిచే ఆఫీసులు కూడా ఉన్నాయి, ముందు చుట్టూ వాళ్లు ఏమంటున్నారో రెండ్రోజులు చెవిన వేసుకో. ఆ పనే నువ్వు చేయలేదు.

ఇంకో సంగతి, ఇది తెలిశాక నాకు ఈ భాష మీద ప్రేమ పుట్టింది. మనకి "మీరు" ఉంది కాబట్టి బతికిపోతాం. వాళ్లకి "కవ్" అంటే నువ్వు, "అవక్" సాటివాళ్లతో సరే కానీ పెద్దవాళ్లతో బాగోదు, "అండా" అని ఒకటుంది కానీ అది ఫారాల్లో, ప్రకటనల్లో మాట, మనిషి మొహం మీద అంటే రైల్వే అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది. అందుకని మనం "మీరు" అనే చోట వరసే వాడేస్తారు. "కక్ దా మకన్?" అంటే మాటకు మాట "అక్క తిందా", కానీ అడిగేది ఎదురుగా ఉన్న అక్కనే. ఆ అక్క కూడా తన గురించి "నేను" అనకుండా "కక్ దా మకన్" అనే జవాబిస్తుంది. మొదట్లో నాకు ఎవరు తిన్నారో ఎవరు తినలేదో అర్థమయ్యేది కాదు.

అబాంగ్ దగ్గర మాత్రం జాగ్రత్త, నీకు కాదులే, అమ్మాయిలకి చెప్తున్నా. మా టీమ్‌లో ఒకమ్మాయి రోజూ లంచ్ టైములో ఫోనులో అబాంగ్, అబాంగ్ అని గారాలు పోతుంటే, అన్నయ్యంటే ఎంత ప్రేమో అనుకున్నాను. ఆర్నెల్లు అలాగే అనుకున్నాను. మొగుడట. మనవాళ్లు బావా అన్నట్టే ఇక్కడ మొగుణ్ణి అబాంగ్ అంటారు. అందుకే బయటి మగవాళ్లని పిలిచేటప్పుడు నేను పక్కన పేరు తగిలిస్తా.

క్షమాపణల మెయిల్ లాంటిది మాత్రం పెట్టకు. సోమవారం మామూలుగా "కక్" అని పిలువు, అంతే.

బగాన్‌వాసి:

నమస్కారం. మాది పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్. మా ముత్తాత విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎస్టేటులో పనిచేసినాడు. ఈ దేశంలో తెలుగు సంఘం 1955 నుంచి ఉంది, నేను రాయడం సంఘం క్లాసుల్లో నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దండి.

ఇస్మాయిల్ విషయం చెప్తాను. మలయ్ వాళ్లకి ఇంటిపేరు లేదు. పేరు, తర్వాత "బిన్", తర్వాత నాన్న పేరు. అమ్మాయి అయితే "బింతి". కాబట్టి ఎప్పుడూ మొదటి పేరే, ఎన్చిక్ తర్వాత అతని పేరు. మాకు కూడా ఇంటిపేరు రాయరు, నా కార్డు మీద పేరుకి నాన్న పేరుకి మధ్య "ఏ/ఎల్" అని ఉంటుంది, అనక్ లెలకి, అంటే కొడుకు. మా అక్కకి "ఏ/పీ". నేను వేరే దేశం వెళ్లినప్పుడల్లా ఎయిర్‌పోర్టులో నన్ను మా నాన్న పేరుతో పిలుస్తారు, ఆయన పోయి తొమ్మిదేళ్లు.

ఇంకొకటి, ఎవరైనా పెద్దమనిషిని ఆఫీసులో "దాతుక్" అంటుంటే తాత అనుకోకండి. ఇంట్లో దాతుక్ అంటే తాతే, ముద్దుగా అతుక్, తోక్ అంటారు. కానీ రాజుగారు ఇచ్చే బిరుదు కూడా దాతుక్. ఆయన భార్య దాతిన్. నలభై ఏళ్ల దాతుక్‌లు కూడా ఉంటారు. బిరుదు ఉన్నవాళ్లకి రాసేటప్పుడు అది వదిలేస్తే బాగోదు. మా ఊరి పేరులోనే ఆ మాట ఉంది కాబట్టి చిన్నప్పుడు నేను ఊరంతా మా తాతదే అనుకున్నాను.

ప్రధానిగా చేసిన అబ్దుల్లా అహ్మద్ బదావీని కూడా దేశమంతా "పక్ లా" అనేది. ఆ స్థాయి మనిషినైనా వరస పెట్టి పిలుస్తారు. కానీ మీరు మన మొహంతో వెళ్తున్నారు కదా, పిల్లలు మిమ్మల్ని అంకుల్ అనే అంటారు, ఫీల్ అవకండి.

మక్‌ఙా_గుంటూరు:

నా పేరులో ఉన్న అక్షరం చూశారా? చిన్నప్పుడు బళ్లో క ఖ గ ఘ ఙ అని రాసి, ఈ ఙ ఎందుకు టీచర్ అని అడిగితే దెబ్బ తిన్నాను. పెళ్లయి పెరాక్ వచ్చాక తెలిసింది, నేనే ఙా అని. మేము గుంటూరు ముస్లింలం, మా ఆయన మలయ్, ఎనిమిదేళ్లయింది.

ఈ లోంగ్, ఙా, సు పేర్లు కావు, పుట్టిన వరస. సులుంగ్ అంటే తొలిచూలు, అందులోంచి లోంగ్. తెంగా అంటే మధ్య, అందులోంచి ఙా, మన నడిపి. బొంగ్సు అంటే ఆఖరు, అందులోంచి సు. మధ్యలో పిల్లలు ఎక్కువుంటే లాంగ్, ఉడా, అందాక్, తెల్లగా ఉంటే తే (పుతిహ్ నుంచి), నల్లగా ఉంటే ఇతామ్, ఇలా ఊరిని బట్టి ఇంటిని బట్టి మారతాయి. పేరుకి తెల్లపిన్ని అయిన ఆవిడ ఎండలో తిరిగి తిరిగి ఇప్పుడు నల్లపిన్నికంటే నల్లగా ఉంటుంది, అయినా మక్ తే మక్ తేనే.

మా ఆయన నడిపివాడు, కాబట్టి ఆయన అన్నదమ్ముల పిల్లలకీ అక్కచెల్లెళ్ల పిల్లలకీ నేను మక్ ఙా. గుంటూరులో మా ఇంటికి నేనే పెద్దదాన్ని, అది ఇక్కడెవరికీ పట్టదు. ఎవరిని చేసుకుంటే వాళ్ల నంబరే మనకి. మా ఆడపడుచు భర్త వాళ్లింట్లో ఆఖరివాడు, అక్కడ పక్ సు, మా వైపు మాత్రం పెద్దక్క మొగుడు కాబట్టి పక్ లోంగ్. ఒకే మనిషి, గోడకి అటు చిన్న, ఇటు పెద్ద.

ఇంకో తేడా. తెలుగులో బాబాయి వేరు మేనమామ వేరు, మా ఇంట్లో ఉర్దూలో చాచా వేరు మామూ వేరు. ఇక్కడ నాన్న తమ్ముడైనా అమ్మ తమ్ముడైనా ఒకటే, ఎన్నోవాడు అన్నదే లెక్క. బావ, మరదలు, అన్న, చెల్లి అని మనం నాలుగు ముక్కలు చేసేవాళ్లంతా సెపుపు. దూరం పెరిగితే దువా పుపు, తిగా పుపు అని అంకె పెంచుతారు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఈ పిల్ల మీ వైపా వాళ్ల వైపా అని అడుగుతూనే ఉంది, ఎవరికీ ప్రశ్నే అర్థం కాలేదు. కానీ వియ్యంకులకి "బెసాన్" అని మాట ఉందని చెప్పగానే ఆవిడ ప్రాణం కుదుటపడింది, ఇంగ్లిషులో ఆ ఒక్క మాట లేకే కదా మన బాధ. అలాగే "బిరాస్". తోబుట్టువుల్ని చేసుకున్న ఇద్దరు ఒకరికొకరు బిరాస్, మనం తోడల్లుడు, తోటికోడలు అని విడదీసేది వాళ్లకి ఒక్క మాటలో అయిపోతుంది.

గోదారిగట్టు గారూ, శనివారం తప్పకుండా వెళ్లండి. చెప్పులు బయట విప్పండి. ఆడవాళ్లు చెయ్యి చాపితేనే చెయ్యి ఇవ్వండి, లేకపోతే కుడిచెయ్యి గుండె మీద పెట్టి నవ్వితే చాలు. ఆవిడ అమ్మగారు ఉంటారు కదా, ఆవిడని మక్ చిక్ అనండి. అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుంది. ఆవిడని చూసి లోంగా ఙానా అని మీరు తేల్చుకోవక్కర్లేదు, అవి ఇంటివాళ్ల నంబర్లు.

గోదారిగట్టు:

అప్‌డేట్. వెళ్లాను. సోమవారం పొద్దున్న సుబాంగ్ గారు చెప్పినట్టే "కక్, ప్రింటర్ పనిచేయట్లేదు" అన్నాను (నిజంగానే పనిచేయట్లేదు). ఒక్క క్షణం చూసి, "నాకు ముప్పై ఎనిమిది, తెలుసా" అంది. తెలుసు కక్ అన్నాను. తెలియదు, కానీ ఇంకేమంటాను. లేచొచ్చి ప్రింటర్ వెనక మూత తీసి, ఇరుక్కున్న కాగితం లాగి నా చేతిలో పెట్టింది. అయిపోయింది.

ఇంట్లో ముప్పై మంది దాకా ఉన్నారు. వాళ్లమ్మగారిని మక్ చిక్ అంటే ఆవిడ నా ప్లేటు వదిలితే ఒట్టు. నేను బీఫ్ తిననని ఎవరు చెప్పారో, నాకోసం చికెన్ రెండంగ్ వేరే గిన్నెలో పెట్టి, ఎవరూ కలపకుండా మూత మీద చీటీ అంటించి ఉంచారు. పిల్లలు వరసగా వచ్చి పెద్దవాళ్ల చేతులు ముద్దుపెట్టుకుంటూ, నా దగ్గరికొచ్చి ఆగి, అంకుల్ అన్నారు. బగాన్ అన్నా, మీ మాటే నిజం. వచ్చేటప్పుడు ఆవిడ "కక్ బుంకుస్కన్ ఉంతుక్ అడిక్" అంటూ ఒక డబ్బా నింపింది. ఎవరు ఎవరికి కడుతున్నారా అని చుట్టూ చూశాను. అడిక్ అంటే నేనే అని లిఫ్టు దగ్గర వెలిగింది.

ఇప్పుడు ఆ డబ్బా నా దగ్గరుంది. ఖాళీగా తిరిగివ్వడానికి మనసొప్పట్లేదు. ఇంటినుంచి ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి, బెల్లంవి. ఇవ్వొచ్చా, తింటారా?

మక్‌ఙా_గుంటూరు:

బియ్యం, నెయ్యి, బెల్లం, అభ్యంతరం ఏముంటుంది. కానీ తినేది ఎలాగో ఎదురుగా నిలబడి చెప్పండి. మా అత్తగారు మొదటిసారి పైన ఉన్నది కాగితం అనుకుని, పొర పొర జాగ్రత్తగా ఒలిచి పక్కన పెట్టి, లోపలి బెల్లంపొడి చెంచాతో తిన్నారు.