గంజాయి తాగితే మెడల్ పోవాలా, పరువు పోవాలా?

ఎడమచేతివాటం:
నిన్న రాత్రి భోజనాల దగ్గర మా బావతో మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. షకారీ రిచర్డ్‌సన్ గుర్తుందిగా? 2021 జూన్‌లో అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో 100 మీటర్లు 10.86 సెకన్లలో గెలిచింది. తర్వాత పరీక్షలో గంజాయి ఆనవాళ్లు బయటపడ్డాయి. నెల రోజుల సస్పెన్షన్ పడింది, ట్రయల్స్ ఫలితం రద్దయింది, టోక్యోలో 100 మీటర్ల చోటు పోయింది. కన్నతల్లి చనిపోయిన సంగతి ఒక విలేఖరి నోట విన్నానని, ఆ బాధలో తాగానని ఆమే చెప్పింది. ట్రయల్స్ జరిగిన ఆరెగన్ రాష్ట్రంలో పెద్దవాళ్లు గంజాయి తాగడం నేరం కూడా కాదు. మా బావ ఒకటే పట్టు: దేశం తరఫున పరిగెత్తేవాళ్లకు ఆ మాత్రం నిగ్రహం లేకపోతే ఎలా అని. నేనంటాను, అది స్టెరాయిడ్ కాదు కదా, ఆటతో పాటు పేరు కూడా ఎందుకు పోవాలి? మీరేమంటారు?

రూల్‌బుక్:
నేను మీ బావగారి వైపు. నిషేధిత జాబితా ఏటా బయటపెడతారు, ప్రతి అథ్లెట్‌కీ తెలుసు. షకారీ కూడా సాకులు వెతక్కుండా టీవీలో తప్పు ఒప్పుకుంది, అందుకు ఆమెను మెచ్చుకోవాలి. ఇక "స్టెరాయిడ్ కాదు కదా" అన్న మాట. డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఒక పదార్థాన్ని జాబితాలో పెట్టడానికి మూడు విషయాలు చూస్తుంది. ఆటతీరు పెంచుతుందా, ఆరోగ్యానికి హానా, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమా. మూడింట్లో రెండు తగిలితే చాలు. షకారీ గొడవ తర్వాత మళ్లీ సమీక్షించి కూడా 2022లో గంజాయిని జాబితాలోనే ఉంచారు. ఊరికే ఉంచరు కదా.

చిట్టిబాబు:
ఒలింపిక్స్ నాలుగేళ్లకోసారి. నాలుగు రోజులు నోరు కట్టుకోలేరా?

ల్యాబ్‌కోటు:
చిట్టిబాబు గారూ, చిక్కంతా ఆ నాలుగు రోజుల దగ్గరే ఉంది. నిషేధం పోటీ సమయానికే. వాడా లెక్కలో పోటీ సమయం అంటే మామూలుగా ముందు రోజు రాత్రి 11:59 నుంచి. అంతకుముందు తాగితే అది నిషేధం కిందకే రాదు. కానీ గంజాయి ఆల్కహాల్ లాంటిది కాదు, అందులో మత్తునిచ్చే టీహెచ్‌సీ కొవ్వులో చేరి మెల్లగా బయటికొస్తుంది. ఎప్పుడో ఒకసారి తాగినవాళ్ల మూత్రంలో కొన్ని రోజులు, రోజూ తాగేవాళ్లలో వారాలు కనిపిస్తుంది. అంటే మూత్ర పరీక్ష "ఈ మనిషి ఎప్పుడో తాగాడు" అని చెబుతుంది గానీ "మత్తులో పరిగెత్తాడు" అని చెప్పదు.

ఈ సంగతి వాడాకూ తెలుసు. అందుకే 2013లో మూత్రంలో అనుమతించే పరిమితిని మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల నుంచి 150కి పెంచింది. 1998 నగానో వింటర్ ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ స్వర్ణం గెలిచిన కెనడా కుర్రాడు రాస్ రెబాగ్లియాటీ శాంపిల్లో వచ్చింది 17.8. పార్టీలో పక్కవాళ్ల పొగ పీల్చానన్నాడు. మెడల్ తీసేశారు, తీరా చూస్తే అప్పటికి గంజాయి ఒలింపిక్ నిషేధిత జాబితాలోనే లేదని తేలి తిరిగిచ్చేశారు! అదే 17.8 ఇవాళ వస్తే ల్యాబ్ అసలు రిపోర్టే చేయదు.

మా కోర్సులో దీన్ని తమాషా కథలా చెప్పేవారు. ఆ కుర్రాడికి తమాషాగా ఉండి ఉండదు.

రూల్‌బుక్:
ఆ 150 వాదన నాకే పనికొస్తుంది. పది రెట్లు వెసులుబాటు ఇచ్చినా దాటారంటే, పోటీకి దగ్గర్లో తాగినట్టేగా?

ల్యాబ్‌కోటు:
దగ్గర్లో తాగి ఉండొచ్చు, లేదా బాగా అలవాటున్న మనిషై ఉండొచ్చు. ఆ రెంటికీ తేడా మూత్రం చెప్పలేదు. 2021 నుంచి నియమం కొంచెం మెత్తబడింది లెండి. పోటీ బయట తాగారని, ఆటతో సంబంధం లేదని చూపిస్తే మూడు నెలలు, చికిత్స కార్యక్రమానికి ఒప్పుకుంటే నెల. షకారీకి పడింది ఆ నెలే. అది టోక్యో 100 మీటర్లకు ముందే ముగిసింది కూడా. పోయింది ట్రయల్స్ ఫలితం. రిలే నాటికి సస్పెన్షన్ లేదు, అయినా జట్టులోకి తీసుకోలేదు.

పాతపేపరు:
అందరూ పరీక్షల చుట్టూ తిరుగుతున్నారు. పరువు సంగతి మాట్లాడాలంటే ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ దగ్గరికి రావాలి, అక్కడ పరీక్షే లేదు. 2008 బీజింగ్‌లో ఎనిమిది స్వర్ణాలు. ఆ నవంబర్‌లో ఒక కాలేజీ పార్టీ. 2009 ఫిబ్రవరిలో బ్రిటిష్ పత్రిక ఒకటి ఫోటో వేసింది, చేతిలో గంజాయి గొట్టంతో. ఫెయిలైన శాంపిల్ లేదు, డోపింగ్ నియమం తప్పలేదు. అయినా అమెరికా ఈత సమాఖ్య మూడు నెలలు పక్కన పెట్టింది, అతన్ని ప్రకటనలకు వాడుకుంటున్న కెలాగ్స్ కంపెనీ ఒప్పందం పొడిగించలేదు. తమ కంపెనీ ఇమేజ్‌కి ఇది సరిపోదన్నారు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. అదే ఫెల్ప్స్ 2004లో, 19 ఏళ్ల వయసులో, తాగి కారు నడిపి పట్టుబడ్డాడు. నేరం ఒప్పుకున్నాడు, ప్రొబేషన్ పడింది. అది దాచిన విషయం కాదు, పేపర్లన్నీ రాశాయి. ఆ తర్వాతే కెలాగ్స్ వాళ్లు బీజింగ్ హీరోని తెచ్చి కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద వేసుకున్నారు. రోడ్డు మీద ఎవరినైనా చంపగలిగే పని డబ్బాకి అడ్డు రాలేదు, పార్టీలో ఊదిన పొగ అడ్డొచ్చింది. మొదటిదానికి ఇలాంటి ఫోటో లేదు మరి.

ఎడమచేతివాటం:
ఇది మా బావకి చదివి వినిపించాను. "2004లోనే పీకేయాల్సింది" అన్నాడు. కనీసం ఒక మాట మీద నిలబడే మనిషి.

మిడాఫ్:
క్రికెట్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 1994-95 దక్షిణాఫ్రికా టూర్‌లో న్యూజిలాండ్ కుర్రాళ్లు గంజాయి తాగి సస్పెండ్ అయ్యారు. ఒప్పుకున్న ముగ్గురిలో ఒకడు స్టీఫెన్ ఫ్లెమింగ్. అవును, ఆ ఫ్లెమింగే. మూడేళ్లు తిరక్కుండా కెప్టెన్ అయ్యాడు, దాదాపు పదేళ్లు నడిపించాడు, తర్వాత చెన్నై కోచ్‌గా ఎన్ని కప్పులో. ఇవాళ ఆయన పేరు చెబితే గంజాయి గుర్తొచ్చేవాళ్లు ఎంతమంది? 21 ఏళ్ల వయసులో చేసిన తప్పును జనం మర్చిపోతారు, మర్చిపోనిస్తే. అలాగే 2025లో దక్షిణాఫ్రికా బౌలర్ రబాడా కూడా గంజాయికే ఐపీఎల్ మధ్యలో వెళ్లిపోయాడు, నెల తర్వాత వచ్చి టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్లో 9 వికెట్లు తీశాడు.

ల్యాబ్‌కోటు:
మిడాఫ్ అన్నా, చిన్న సవరణ. రబాడా చెప్పింది "రిక్రియేషనల్ డ్రగ్", అంటే సరదాకి వాడే మత్తుమందు, అని మాత్రమే. అందులో గంజాయి ఒక్కటే ఉండదు. దాన్ని తీసి ఆయన ఖాతాలో వేయొద్దు.

మిడాఫ్:
ఓకే, తప్పు నాదే. చూశారా, పేరు అంటించడానికి నాకు అర నిమిషం పట్టలేదు.

కార్నర్‌సీటు:
శిక్షల కొలత గురించి ఒకటి. 2015 జనవరి, కేజ్ ఫైటింగ్ పోటీ యూఎఫ్‌సీ 183, నిక్ డియాజ్ వర్సెస్ ఆండర్సన్ సిల్వా. సిల్వా శాంపిల్లో స్టెరాయిడ్లు, డియాజ్ శాంపిల్లో గంజాయి. అక్కడ ఈ పోటీలను అదుపు చేసే నెవాడా రాష్ట్ర కమిషన్ సిల్వాకి ఏడాది వేసింది. డియాజ్‌కి ఐదేళ్లు! అదీ ఆ రాత్రి ఇచ్చిన మూడు శాంపిళ్లలో వాడా గుర్తింపున్న ల్యాబ్‌కి వెళ్లిన రెండూ పాసయ్యాక. తర్వాత గోల చేస్తే 18 నెలలకు దించారు. స్టెరాయిడ్ కొట్టి ఎదుటివాడి మొహం పగలగొట్టేవాడికి ఏడాదా?

రూల్‌బుక్:
డియాజ్‌కి అది మూడోసారి అన్నది కూడా చెప్పండి. అయినా ఐదేళ్లు ఎక్కువే, ఒప్పుకుంటాను. కమిషన్ వాళ్ల కోపం శిక్షగా మారింది.

కానీ ఫెల్ప్స్ దగ్గర ఒప్పుకోను. కంపెనీ కొన్నది అతని ఈత కాదు, మొహం. ఇలాంటి ఒప్పందాల్లో నడవడిక షరతు ఉండడం మామూలే. మొహం అమ్ముకున్నాక మొహం మీద మసి పడకుండా చూసుకోవాల్సింది అమ్మినవాడే. డబ్బు తీసుకునేటప్పుడు "నేను పిల్లలకు ఆదర్శం", ఫోటో వచ్చాక "నా సొంత జీవితం". రెండూ కుదరవు.

యార్డ్‌లైన్:
పట్టుబడ్డవాళ్లలో ఎవరి వెనకాల యూనియన్ ఉందో చూస్తే నాకు ఇదంతా నీతి కంటే బేరంలా కనిపిస్తుంది. అమెరికా బేస్‌బాల్ 2019 చివర్లో గంజాయిని తమ జాబితాలోంచి తీసేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ 2020 ఒప్పందంతో, పరీక్షలో దొరికారని సస్పెండ్ చేయడం మానేసింది. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2023లో పరీక్షే ఎత్తేసింది, ఆటగాళ్లు గంజాయి కంపెనీల్లో పెట్టుబడి పెట్టుకోవడానికి కూడా వీలిచ్చింది. మత్తులో ప్రాక్టీసుకి వస్తే మాత్రం చర్య ఉంటుంది, అది న్యాయమే. ఇవన్నీ ఆటగాళ్ల సంఘాలు బల్ల ముందు కూర్చుని తెచ్చుకున్నవి. స్ప్రింటర్ తరఫున అలా కూర్చునేది ఎవరు?

ఈ బేరం కుదరక ముందు నలిగినవాళ్లున్నారు. 2002లో ఆ ఫుట్‌బాల్ లీగ్ మొత్తంలో ఎక్కువ యార్డులు పరిగెత్తిన రికీ విలియమ్స్ జనంలో కలవాలంటేనే భయపడే మనిషి. డాక్టరు మందుల కంటే గంజాయే తనకు నయమనిపించిందని బాహాటంగా చెప్పాడు. పరీక్షల గొడవల్లో 2004లో ఆటే వదిలేసి వెళ్లిపోయాడు, తర్వాత మళ్లీ వచ్చాడనుకోండి. అప్పుడంతా అతన్ని సోమరి అన్నారు. నేనూ అన్నాను.

చిట్టిబాబు:
సరే, పెద్దవాళ్ల సంగతి వదిలేద్దాం. మరి చూసే పిల్లలో?

స్టాప్‌వాచ్:
పిల్లలకు పరుగు నేర్పుతాను కాబట్టి ఇది నేను చెప్పాలి. నా దగ్గర 400 మీటర్లు పరిగెత్తే 16 ఏళ్ల అబ్బాయి ఉండేవాడు. ఎవరో ఇచ్చిన గంజాయి సిగరెట్టు రెండు దమ్ములు లాగాడు, పక్కనున్న ఫ్రెండే ఫోన్లో వీడియో తీశాడు. వారంలో అది తిరగని గ్రూపు లేదు. వాడున్న క్లబ్బు పరీక్ష చేయలేదు, పిలిచి అడగలేదు, జట్టు లిస్టులోంచి పేరు కొట్టేసింది. నేను తిట్టినప్పుడు వాడు "ఫెల్ప్స్ తాగలేదా మేడమ్?" అన్నాడు. కాబట్టి రూల్‌బుక్ గారూ, పిల్లలు చూస్తారన్న మాట నిజమే. 16 ఏళ్ల మెదడుకి గంజాయి మంచిది కాదు, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ వాడు ఆ ఫోటోలోంచి నేర్చుకున్నది ఒకటైతే, క్లబ్బు వాడికి నేర్పింది ఇంకొకటి: తాగినా పర్వాలేదు, ఎవడూ వీడియో తీయకుండా చూసుకో. ఆ జట్టులోనే ఇంకో ఇద్దరు తాగేవాళ్లని నాకు తెలుసు. వాళ్ల వీడియో లేదు, వాళ్లు పరిగెత్తారు.

షకారీ కథ 2021 దగ్గర ఆగలేదని వాడికి చెప్పాను. 2023 బుడాపెస్ట్‌లో 10.65తో ప్రపంచ చాంపియన్, 2024 పారిస్‌లో 100 మీటర్ల రజతం, రిలే స్వర్ణం. ఆమెకు తిరిగొచ్చే దారి ఇచ్చారు, వచ్చింది. నా కుర్రాడికి నెల శిక్ష వేసి ఉంటే బాగుండేది. లెక్క ఉండేది, తేదీ ఉండేది.

రూల్‌బుక్:
మేడమ్, విచారణ లేకుండా పేరు కొట్టేయడాన్ని నేనూ సమర్థించను. నియమం కావాలనేది అందుకే. ఆ అబ్బాయి ఇప్పుడు పరిగెడుతున్నాడా?

స్టాప్‌వాచ్:
పరిగెడుతున్నాడు. వేరే క్లబ్బుకి. 400 కాదు, 800.