ఎర్రచందనం విత్తనం ఒకే చెట్టుది అయితే పర్లేదా?

కోడూరు కుర్రోడు: ఎకరంలో ఎర్రచందనం వేద్దామనుకుంటున్నాం. నర్సరీలో విత్తనమంతా రోడ్డు పక్క ఒకే పెద్ద చెట్టుదట. పర్లేదా? తర్వాత కొట్టడానికి పర్మిషన్ ఎట్లా?

నర్సరీ బాబాయ్: నారు పచ్చగా ఉంటే చాలు. నేనమ్మిన మొక్కలు జిల్లా అంతా ఉన్నాయి, ఒక్కరూ తిట్టలేదు.

శేషాచలం నడక: పూతకు రానీ బాబాయ్, అప్పుడు తిడతారు. ఒకే తల్లి పిల్లలన్నీ ఒక్కచోట పెరిగితే మేనరికం మీద మేనరికమే. నిండు గింజ తగ్గిపోతుంది. అసలే ఈ కాయలు నలిపి చూస్తే చాలావాటిలో తాలే. కొండల మధ్య ఊళ్లు, తోటలు, రోడ్లు పడ్డాక లంకమల కొండల పుప్పొడిని తేనెటీగ అవతల వెలిగొండ కొండలకు మోస్తుందా? కాయకు రెక్క ఉన్నా చాలావరకు తల్లి చుట్టుపక్కలే రాలుతుంది.

ప్రొద్దుటూరు వేపమాను: అదంతా వదిలెయ్ అన్నా. అందరూ ఎగబడే అలల చారల కలప కావాలంటే ఆకు అంచు చూడాలి. అంచు వంకరైతే లోపలా అలలే.

డిపో తాత: ఎవరు చెప్పారు? డిపోలో దుంగలకు గ్రేడు వేసినోణ్ణి నేను. కోసి చూడందే తెలీదు.

ప్రొద్దుటూరు వేపమాను: మా మామ తోటలో చూశా.

డిపో తాత: మీ మామ కోశాడా?

ప్రొద్దుటూరు వేపమాను: ఇంకా లేదు.

డిపో తాత: మరింకేం!

శేషాచలం నడక: ఆ అలల పిచ్చితోనే కొండ గుల్లయింది. గొడ్డలి పడేది లావుగా, నిటారుగా ఉన్న మాను మీదే. విత్తనం రాల్చడానికి మిగిలేవి గిడసబారినవి. మొద్దుల నుంచి పిలకలు లేచి కొండ పచ్చగా కనబడుతుంది గానీ, అది పాత చెట్టే, కొత్త రక్తం కాదు.

నర్సరీ బాబాయ్: అందరూ సైంటిస్టులే! అడవిలో కాయలేరుకొస్తే కేసు ఎవరి మీద పడుతుంది?

శేషాచలం నడక: అడవిలోకి పొమ్మన్నానా? ఫిబ్రవరి, మార్చిల్లో పట్టా తోటలు తిరిగి, దూరదూరంగా ఉన్న చెట్ల కాయలు కలపమంటున్నా.

చెప్పులరిగినోడు: మా నాన్న నాటినవి, పట్టా భూమి. కొట్టుకోడానికి ఆఫీసు చుట్టూ ఇంకా తిరుగుతానే ఉన్నా. ముందది తేల్చండి, రక్తాల సంగతి తర్వాత.

బెంగళూరు బాల్కనీ: నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎర్రచందనం గింజలు ఎర్రగా, నున్నగా మెరుస్తున్నాయి. మంచి రకమేనా?

డిపో తాత: అవి బండి గురివింద గింజలమ్మా. మనది చప్పిడిగా ఉండే గోధుమరంగు రెక్క కాయ. ఆకుకు మూడేసి రెబ్బలు.

బెంగళూరు బాల్కనీ: డబ్బులు వాపసిస్తారా?

ప్రొద్దుటూరు వేపమాను: దండ గుచ్చుకోండక్కా. తాతా, మామ తోట ఆకు ఫోటో పెడుతున్నా. అంచు చూసి మాట్లాడు.