గుచ్ఛమా, గుత్తా? అంటుకోవడమా, కరుచుకోవడమా?

అడిగినది (అనంతపురం): డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. తెలుగులో నోట్స్ రాస్తా ఒక వాక్యం దగ్గర ఆగిపోయినా: "కార్బన్ డయాక్సైడ్ లోహ గుచ్ఛానికి బంధించబడుతుంది." చదివితే వెనక బెంచీ పిల్లోడు "పూలగుచ్ఛమా సార్?" అన్నాడు. ఆ 'బడుతుంది' నాకే మింగుడు పడలేదు. మంచి మాట చెప్పండి.

కర్నూలు నుంచి: గుత్తి అనండి సార్. ద్రాక్ష గుత్తి అంటాం కదా. నాలుగైదు లోహ పరమాణువులు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటే అదీ గుత్తే. మీ జిల్లాలో ఏకంగా ఊరే ఉంది, కోటతో సహా!

కడప నుంచి: గుత్తి బాగుంది. క్రియ దగ్గరే అసలు చిక్కు, అక్కడ రెండు వేరే పనులున్నాయి. కార్బన్ డయాక్సైడ్ నిటారు పుల్ల: నడుమ కార్బన్, అటొకటి ఇటొకటి ఆక్సిజన్. లోహం పక్కన ఊరికే ఆనుకుంటే పుల్ల పుల్లగానే ఉంటుంది. లోహం నుంచి ఎలక్ట్రాన్లు దాంట్లోకి దిగితే నడుం వంగుతుంది. 1975 నాటి ఒక నికెల్ సంయోగంలో 180 డిగ్రీల కోణం 133కు వచ్చింది (దాంట్లో ఉండేది ఒకే నికెల్, గుత్తి కాదు, వంపు కోసం చెప్పినా). పరారుణ కాంతిలోనూ తేడా దొరుకుతుంది. విడి అణువు సెంటీమీటరుకు 2349 తరంగాల దగ్గర పీల్చుకుంటుంది. ఆనుకున్నది ఆ చుట్టుపక్కలే ఉంటుంది, వంగినది బాగా కిందికి దిగుతుంది.

చేన్లో తిరిగొస్తే పంచెకు దుమ్ము అంటుకుంటుంది, దులిపితే పాయె. ఉత్తరేణి గింజ పంచెను కరుచుకుంటుంది, కూర్చొని ఒక్కొక్కటే పీకాల. విభక్తి కూడా చూడండి: దుమ్ముకు 'పంచెకు', గింజకు 'పంచెను'.

అనంతపురం: కరుచుకోవడమంటే పంటితో కరిచినట్టు లేదా అన్నా?

కడప నుంచి: పిల్ల తల్లిని కరుచుకుందంటే పళ్లు గుర్తొస్తాయా సార్? పైగా కొన్ని బ్యాక్టీరియా ఎంజైముల్లో నికెల్, ఇనుము, గంధకం కలిసిన గుత్తి ఉంటుంది. అక్కడ కార్బన్ నికెల్‌ను, ఒక ఆక్సిజన్ ఇనుమును పట్టుకుంటాయి. రెండు చేతుల పట్టు. 'అంటుకుంది' అంటే ఆ పట్టు యాడ కనపడుతుంది?

అనంతపురం: సరే, రాసేసినా: "కార్బన్ డయాక్సైడ్ వంగి లోహపు గుత్తిని కరుచుకుంటుంది." రేపు మూడో పీరియడ్‌లో చదువుతా. వెనక బెంచీ వాడు ఈసారి వంకాయలంటాడు, అననీ.