అప్‌డేట్: ఆల్టర్నేటర్ పుల్లీ మార్చాను, సగం సమస్య పోయింది

గేర్ మార్చడానికి క్లచ్ తొక్కగానే బెల్ట్ దగ్గర కీచుమంటోందని, ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) కూడా వెంటనే దిగడం లేదని పోయిన నెల అడిగాను కదా. నా పాత మాన్యువల్ స్పోర్ట్స్ కారు సంగతే.

బెల్ట్ తీసి చూశాం. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) పుల్లీలో ఉండే వన్‌వే క్లచ్ (కాలితో తొక్కే క్లచ్ కాదు, ఒకవైపే తిరగనిచ్చేది) పూర్తిగా పట్టేసింది. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ కదలకుండా పట్టుకుని పుల్లీని తిప్పితే ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు పట్టుకోవాలి. నాది రెండువైపులా బిగుసుకుపోయింది. ఆల్టర్నేటర్ ఇంజన్ కంటే దాదాపు రెండున్నర, మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది. 6,000 నుంచి ఆర్‌పీఎం ఒక్కసారిగా పడిపోతే ఆ బరువైన రోటర్ ఆగనంటుంది. ఆ గుంజుడంతా బెల్ట్ మీద, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద పడుతుంది. టెన్షన్ నాకొక్కడికే కాదన్నమాట!

పుల్లీ విప్పడానికి పళ్లున్న ప్రత్యేకమైన సాకెట్ కావాలి, దానికోసమే రెండు రోజులు తిరిగాను. ఇప్పుడు కీచు శబ్దం లేదు, ఐడిల్‌లో టెన్షనర్ ఎగరడం లేదు. ఇంజన్ ఆపాక ఆల్టర్నేటర్ ఇంకో క్షణం తిరుగుతూ సన్నగా వినిపిస్తోంది, అది మామూలే.

ఆర్‌పీఎం మాత్రం దాదాపు అలాగే నెమ్మదిగా దిగుతోంది. అది ఫ్లైవీల్ (ఇంజన్‌కు బిగించిన బరువైన చక్రం) బరువు, థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే కవాటం) మూసుకునే తీరు వల్లేనని మీలో ఒకరు ముందే చెప్పారు, నేనే వినలేదు.